ముందు తెరచాప ఎంత ఉండాలి? గాలే కొలమానం

భారత నౌకాదళానికి చెందిన ‘ఐఎన్‌ఎస్‌వీ తారిణి’పై లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా కె., రూపా ఎ. 2024 అక్టోబరు 2న గోవా నుంచి బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2025 మే 29న తిరిగి వచ్చారు. నౌకలో ఉన్నది వారిద్దరే. అంత తక్కువ సిబ్బందితో సాగే యాత్రలో, గాలి ఉద్ధృతమైనప్పుడు తెరచాపను సకాలంలో కుదించగలగడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. అందువల్ల ముందు తెరచాప ఎంపిక బయలుదేరడానికి ముందే జరగవలసిన కీలక నిర్ణయం.

స్తంభానికి ముందు, పడవ ముందుకొన వరకు బిగించిన ఉక్కు తాడుకు కట్టే తెరచాపే ముందు తెరచాప. దాని పరిమాణాన్ని శాతంలో చెబుతారు. తెరచాప వెనుక మూల నుంచి ముందు అంచుకు గల లంబదూరాన్ని, ఉక్కు తాడు అడుగు నుంచి స్తంభానికి గల దూరంతో పోలుస్తారు. స్తంభదూరం 4 మీటర్లు, లంబదూరం 6 మీటర్లు అయితే అది 150 శాతం తెరచాప. స్తంభాన్ని దాటి వెనక్కి విస్తరించేదాన్ని జెనోవా అని, దాటని చిన్నదాన్ని జిబ్ అని వ్యవహరిస్తారు.

పెద్ద తెరచాప మందగాలిలో వేగాన్నిస్తుంది. అయితే గాలి వేగం రెట్టింపైతే తెరచాపపై ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అప్పుడు జెనోవాను ఉక్కు తాడు చుట్టూ చుట్టి తగ్గించవచ్చు గాని, దానికీ హద్దు ఉంది. 135 శాతం తెరచాపను 100కు చుట్టినా ఆకృతి చాలావరకు నిలుస్తుంది. 150 శాతం తెరచాపను అంతే తగ్గిస్తే సంచిలా ఉబ్బి, పడవను ముందుకు నడపడానికి బదులు పక్కకు ఒరగదోస్తుంది.

కోత విషయానికొస్తే, వెనుక మూల కిందికి ఉంటే వైశాల్యం పెరుగుతుంది. కానీ ఎదుటి దృశ్యం మరుగవుతుంది, అలలు తెరచాపలో పడతాయి. మూల ఎత్తుగా ఉంటే కొంత వైశాల్యం పోయినా ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. దూరయాత్రికులు దీన్ని ఎంచుకోవడానికి కారణమిదే. పాలిస్టర్ వస్త్రాన్ని అడ్డపట్టీలుగా కుట్టడం చవక, మన్నిక ఎక్కువ. మూడు మూలల నుంచి కిరణాల్లా పట్టీలు అమర్చే కోత ఆకృతిని బాగా నిలుపుతుంది, ఖరీదూ ఎక్కువే.

తుపానుకు మాత్రం వేరే తెరచాప తప్పనిసరి. సముద్ర పందేలకు ప్రపంచ సెయిలింగ్ సంస్థ విధించిన నిబంధనల ప్రకారం, తుపాను జిబ్ వైశాల్యం స్తంభం ముందున్న త్రికోణం ఎత్తు వర్గంలో 5 శాతానికి మించరాదు. ఆ ఎత్తు 15 మీటర్లయితే, పరిమితి 11.25 చదరపు మీటర్లు.

ఇదే తారిణిపై 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు తొలి ప్రపంచ పరిక్రమ చేశారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆరుగురున్న పడవలో తెరచాప మార్చడానికి చేతులు ఎక్కువ. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు నిద్రలో ఉండగా రెండోవారు ఒంటరిగా ఆ పని చేయవలసి రావచ్చు. కనుక మోయగలిగిన అతిపెద్ద తెరచాప కాదు, తరచుగా ఎదురయ్యే గాలికి సరిపోతూ, చీకట్లో ఒక్కరే కుదించగలిగినదే సరైన ఎంపిక.