స్టార్ ముందు పెడితే సెర్చ్ ఎందుకు నత్తనడక నడుస్తుంది

పోయిన ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన సంగతి ఇది. మళ్లీ అడిగారు కాబట్టి రాసి పెడుతున్నా. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదండీ. ఐటీఐ చదివి, కాల్గరీలో బిల్డింగ్ సైట్ చూసుకునే సూపర్‌వైజర్ని.

మా డ్రాయింగులన్నీ ట్యాబ్‌లో ఒక యాప్‌లో ఉంటాయి. ప్రతి నంబరుకీ ముందు ప్రాజెక్ట్ కోడ్ బారెడు. అదెవరికి గుర్తుంటుంది? స్టార్ కొట్టి చివరి 204 మాత్రం వేస్తాం. ఒకసారి స్లాబ్ వేసే రోజు పొద్దున్నే అలాగే వెతికితే రెండు షీట్లు వచ్చాయి. రివిజన్ 2 చివరిది కాబోలు అనుకున్నాం. కాంక్రీట్ లారీ గేటు దగ్గరికొచ్చాక ప్లంబర్ తన కాగితం చూపించాడు, రివిజన్ 3 అట! పైపుల కోసం వదిలే రెండు రంధ్రాలు చోటు మారాయి. లారీని ఆపి సరిచేసుకున్నాం. అప్పటికే పోసేసి ఉంటే గట్టిపడిన స్లాబ్‌కి తూట్లు కొట్టాల్సి వచ్చేది. లోపల స్టీలు తెగితే అది వేరే కథ.

యాప్ వాళ్లని అడిగితే, సెర్చ్‌కి టైమ్ లిమిట్ ఉందని, అది దాటితే అప్పటిదాకా దొరికినవే చూపిస్తుందని చెప్పారు. సగమే వెతికానని తెర మీద ఒక్క ముక్క లేదు.

ఊళ్లో పేర్లన్నీ అక్షరక్రమంలో రాసుకున్నామనుకోండి. ‘వెంకట’తో మొదలయ్యేవాళ్లు ఒకేచోట దొరుకుతారు. ‘రావు’తో ముగిసేవాళ్లు కావాలంటే మొదటి పేజీ నుంచి ప్రతి పేరూ చూడాల్సిందే. సెర్చ్ ఇంజిన్ ఇండెక్స్ కూడా అలాంటి లిస్టే. ముందే స్టార్ పెడితే మొత్తం తిరగేయాలి.

లూసీన్ పాత క్వెరీ పార్సర్ అయితే డిఫాల్ట్‌గా ముందు స్టార్‌ని ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చేస్తుంది. అదే లూసీన్ మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్ డిఫాల్ట్‌గా ఒప్పుకుంటుంది. ఇలాంటి బరువైన క్వెరీలు వద్దనుకుంటే అడ్మిన్ ఆపేసే సెట్టింగ్ 2020లో వచ్చింది. టైమ్ దాటితే జవాబులోనే ఆ గుర్తు కూడా వస్తుంది. దాన్ని మనకి చూపించడం యాప్ రాసినవాళ్ల పని. నన్నడిగితే, సగం జవాబు కంటే ఎర్రరే నయం.

ఈ గొడవ కెనడాకి కొత్తేం కాదు. 1990లో మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీలో అలన్ ఎంటేజ్ మొదలుపెట్టిన ఆర్చీ ఫైళ్ల పేర్లు వెతికేది. దాని కమాండ్ ప్రోగ్రాంలో డిఫాల్ట్‌గా పేరు మొత్తం సరిపోవాలి, ముక్కతో వెతకాలంటే విడిగా చెప్పాలి. ‘నాకు తొందర లేదు, మిగతావాళ్ల పని చూడు’ అని సర్వర్‌కి చెప్పే ఆప్షన్ కూడా ఉండేది. నాకు భలే ముచ్చటేసింది.

మందు లేకపోలేదు. పేర్లని తిరగేసి ‘వురా’ అని ఇంకో లిస్టు రాసుకుంటే చివరిదే మొదలవుతుంది. అపాచీ సోలర్‌లో ఆ ఏర్పాటుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో మూడేసి అక్షరాల ముక్కలుగా కోసి దాచుకునే ఫీల్డ్ ఉంది. కాకపోతే ఇవి ముందే అమర్చుకోవాలి, తిరగేసిన లిస్టు జాగా కూడా ఎక్కువ తింటుంది.

మా సైట్‌లో ప్రస్తుతానికి ట్యాబ్ వెనక మార్కర్‌తో ప్రాజెక్ట్ కోడ్ రాశాం. స్టార్ చివర పెడుతున్నాం.