మీకు తెలుసా? రాగి రంగులో ఉన్నా రాగి కాదు!
మిర్యాలగూడలోనో, జడ్చర్లలోనో టిగ్ వెల్డింగ్ అంటే తెలియని షాపులో కూడా దాని వాడుక పేరు ‘ఆర్గాన్ వెల్డింగ్’ అంటే తెలుస్తుంది. మామూలు ఇనుముకు అందులో వాడే ఫిల్లర్ రాడ్డు రాగిలా మెరుస్తుంది గానీ లోపలంతా ఉక్కే. పైన తుప్పు పట్టకుండా పల్చటి రాగి పూత, అంతే. ఈఆర్70ఎస్-6 అనే దాని పేరులో 70 అంటే, అతుకు లోహం చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల లాగుడును తట్టుకోవాలని. చివరి 6 రసాయన కూర్పు గుర్తు: మాంగనీసు, సిలికాన్ కాస్త ఎక్కువ. కరిగిన లోహంలోని ఆక్సిజన్‌ను అవి పట్టేస్తాయి. లేకుంటే అతుకులో బుడగల రంధ్రాలే. ఎస్-2 రకంలో ఆ పనికి టైటానియం, జిర్కోనియం, అల్యూమినియం కూడా కలుపుతారు. గేట్లు అతికే మామూలు రాడ్డుకున్నట్టు దీనికి పైన మందు ఉండదు. కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపలా కాసేది ఆర్గాన్ వాయువే. పాలమూరు ఎండాకాలపు గాలిదుమారంలో ఆరుబయట టిగ్ మొదలుపెడితే, ముందు ఎగిరిపోయేది ఆ కాపలానే.