చూడక్కర్లేని ప్లేయర్ ఏది?

గోదావరిఖని కాలనీల్లో పగటిపూట పాట పెద్దగా పెడితే తిట్లు తప్పవు. నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాళ్లు ఈ గదిలోనో పక్క క్వార్టర్‌లోనో నిద్రపోతుంటారు. సింగరేణి ఇళ్లల్లో పెరిగిన మాకు ఇయర్‌ఫోన్స్ అంటే స్టైల్ కాదు, ఇంట్లో గొడవ రాకుండా చూసుకునే వస్తువు.

మా యైటింక్లయిన్ కాలనీలో ఓ తమ్ముడికి మాత్రం ఆ ఇయర్‌ఫోన్సే కాలేజీ, లైబ్రరీ, కోచింగ్ సెంటర్ అన్నీ. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే సమస్యతో మొదట రేచీకటి వచ్చింది. డిగ్రీ అయ్యేసరికి పుస్తకంలో అక్షరం కనబడటం ఆగిపోయింది. నాన్న బాయిలో పనిచేస్తాడు, కానీ బాయిలో దిగే పని తనకి రాదని వాడికి తెలుసు. మిగిలింది పోటీ పరీక్షలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం అంధులకూ చూపు బాగా తక్కువున్నవాళ్లకూ. ఆ ఒక్క శాతంలో చోటు కోసం వాడు రోజూ గంటల తరబడి పాలిటీ, హిస్టరీ ఆడియో క్లాసులు వింటాడు.

“వినుడు కష్టం కాదన్నా, నిన్న యాడ ఆపిన్నో దొరకబట్టుడే కష్టం” అన్నాడోసారి. మీడియా ప్లేయర్ ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నకి నేను విన్న సమాధానాల్లో ఇదే బెస్ట్. రివ్యూలన్నీ ఫోర్‌కే ప్లే అవుతుందా, ఈక్వలైజర్ ఉందా, థీమ్ బాగుందా అంటాయి. ఇప్పుడు ఎన్నో నిమిషంలో ఉన్నామో చూడకుండా తెలుసుకోగలమా అని ఒక్కరూ అడగరు.

స్క్రీన్ రీడర్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. స్క్రీన్ మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ అది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ ఓవర్. విండోస్‌లో జాస్ చాలా ఏళ్లుగా ఉంది కానీ ధర ఎక్కువ. దానికి పోటీగా ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ ప్రోగ్రామర్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. మన తమ్ముడి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది అదే.

స్క్రీన్ రీడర్‌కి కళ్లు లేవు, మనలాగా బొమ్మ చూసి అర్థం చేసుకోలేదు. విండోస్ ఇచ్చే మామూలు బటన్లు, మెనూలు వాడితే వాటి పేర్లు దానికి వాటంతటవే అందుతాయి. అందంగా ఉండాలని డెవలపర్ సొంతంగా గీసుకున్న బటన్ అయితే, దాని పేరు కోడ్‌లో విడిగా రాయాలి. ఆండ్రాయిడ్‌లో అయితే దాన్ని కంటెంట్ డిస్క్రిప్షన్ అంటారు, ఒక్క లైన్ పని. ఆ లైన్ రాయకపోతే టాక్‌బ్యాక్ “అన్‌లేబుల్డ్ బటన్” అంటుంది. ఐదు బటన్లుంటే ఐదుసార్లూ అదే మాట. లిఫ్ట్‌లో నంబర్లు చెరిపేసి ఏదో ఒకటి నొక్కమన్నట్టు ఉంటుంది.

పాతకాలం విన్‌యాంప్ గుర్తుందా? 1997లో వచ్చింది. దాన్ని అంధులు అంతగా ఇష్టపడటానికి ఓ కారణం కీబోర్డ్‌లో కింది వరస. జెడ్ నొక్కితే వెనక పాట, ఎక్స్ ప్లే, సి పాజ్, వి స్టాప్, బి తర్వాతి పాట. వేళ్లు కదపకుండా పని అయిపోతుంది, మౌస్ ఊసే లేదు.

ఇప్పుడు కంప్యూటర్‌లో చాలామంది మొదట పెట్టుకునేది వీఎల్‌సీ. 1996లో పారిస్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, ఏ ఫైల్ ఇచ్చినా ఆడిస్తుంది. కీబోర్డ్ షార్ట్‌కట్లు పుష్కలం: షిఫ్ట్‌తో పక్క బాణం నొక్కితే 3 సెకన్లు, ఆల్ట్‌తో అయితే 10 సెకన్లు, కంట్రోల్‌తో అయితే నిమిషం జరుగుతుంది. స్క్వేర్ బ్రాకెట్లతో వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. కంట్రోల్+టి నొక్కి కావాల్సిన నిమిషం టైప్ చేస్తే నేరుగా అక్కడికే. ఇంతవరకూ బాగుంది. కానీ ఉత్త టి నొక్కితే ఎంత టైమ్ అయిందో వీడియో మీద బొమ్మలా కనిపించి మాయమవుతుంది. చూపున్నవాడికి చాలు. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అక్కడ ఏమీ జరగనట్టే.

ఫూబార్2000 దీనికి సరిగ్గా ఉల్టా. పేరు వింటే నవ్వొస్తుంది, రూపం చూస్తే పాత ఆఫీసు రిజిస్టర్‌లా ఉంటుంది. 2002 నుంచి ఉన్న ఈ ఉచిత ప్లేయర్ విండోస్ మామూలు మెనూలనే వాడుతుంది, దాదాపు ప్రతి పనికీ మనకి నచ్చిన కీ పెట్టుకోనిస్తుంది. ఎన్‌వీడీఏ తయారుచేసినవాళ్లు దీనికోసం ప్రత్యేకంగా కమాండ్లు కూడా పెట్టారు. కంట్రోల్+షిఫ్ట్+ఇ అంటే ఎంత అయిందో, ఆర్ అంటే ఎంత మిగిలిందో, టి అంటే మొత్తం ఎంతో గొంతుతో చెబుతుంది. స్టేటస్ బార్ సెట్టింగ్ మార్చకుండా ఉంచితేనే ఇవి పనిచేస్తాయి, ఆ ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది ఆడియో ప్లేయరే, వీడియోకి పనికిరాదు. వేగం మార్చడానికి విడిగా ఓ కాంపోనెంట్ వేసుకోవాలి. తమ్ముడికి అది వేశాక 1.7 వేగంలో వింటున్నాడు, నాకైతే ఆ వేగంలో ఒక్క ఆర్టికల్ నంబర్ కూడా అర్థం కాలేదు.

అంటే ఒక్క ప్లేయర్‌తో అయ్యే పని కాదిది. క్లాసులకి ఫూబార్, వీడియోలకి వీఎల్‌సీ. వీఎల్‌సీ సెట్టింగ్స్‌లో ఆపిన చోటి నుంచే మొదలుపెట్టమని చెప్పొచ్చు. నా లెక్కలో దాని ఫీచర్లన్నిటికంటే అదే గొప్పది.

ఫోన్‌లో కథ వేరు. వీడియో ప్లేయర్లలో బటన్లు మూడు సెకన్లకే దాక్కుంటాయి. టాక్‌బ్యాక్‌తో ఒక్కో బటన్ వింటూ వెతికేవాడికి మూడు సెకన్లలో సగం పేరు కూడా పూర్తికాదు. ఆండ్రాయిడ్ 10 నుంచి యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో “టైమ్ టు టేక్ యాక్షన్” అని ఉంది, దాన్ని పెంచండి. యాప్ దాన్ని గౌరవిస్తే బటన్లు ఆగుతాయి. కొత్త ఫోన్లలో టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉండగా రెండు వేళ్లతో రెండుసార్లు తడితే ఏ బటనూ వెతక్కుండా ప్లే, పాజ్ అవుతాయి. ఈ ఒక్క సైగ తెలియక బాధపడేవాళ్లు చాలామంది.

ఇంకో చిక్కు, క్లాస్ చెప్పే సార్ గొంతూ స్క్రీన్ రీడర్ గొంతూ ఒకే చెవిలో కొట్టుకోవడం. ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేసుకుంటే, ఎన్‌వీడీఏ కీ+షిఫ్ట్+డితో తను మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాన్ని తగ్గించే పద్ధతి ఎంచుకోవచ్చు. ఆండ్రాయిడ్ 8 నుంచి స్క్రీన్ రీడర్ వాల్యూమ్ వేరుగా కూడా పెట్టుకోవచ్చు. తమ్ముడు ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు. రెండోది తలుపు చప్పుడుకి, అమ్మ పిలుపుకి, మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కి.

మీరు ఎవరికైనా క్లాసులు పంపుతుంటే ఫైల్ పేరు మార్చి పంపండి. వాట్సాప్ నుంచి వచ్చిన ఫైల్ పేరంతా తేదీలూ అంకెలే, అది చదివి ముగించేలోపు ఓపిక పోతుంది. “01 పాలిటీ”, “02 పాలిటీ” అని అంకె ముందు పెడితే వరస కూడా తప్పదు. ఇంగ్లిష్ గొంతు మాత్రమే ఉన్న ఫోన్‌కి తెలుగు లిపి పేర్లు చదవడం రాకపోవచ్చు, అది ముందే అడిగి పంపండి.

పుస్తకాలకైతే సుగమ్య పుస్తకాలయ ఉంది, 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ. అక్కడి డైసీ పుస్తకాల్లో అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకొచ్చు, ఎంపీత్రీలో ఆ సుఖం లేదు.

ఇదంతా ఫైల్ మన చేతిలో ఉన్నప్పటి మాట. అసలు తలనొప్పి కోచింగ్ యాప్‌లు. క్లాస్ వాళ్ల యాప్‌లోనే వినాలి, వాళ్ల ప్లేయర్‌తోనే వినాలి. తమ్ముడి ఇంట్లో ఫీజు మొత్తం కట్టేశాక ఓ యాప్ తెరిస్తే, ప్లే బటన్ తప్ప అన్నీ అన్‌లేబుల్డ్. వేగం మార్చే బటన్ ఎక్కడుందో ఇప్పటికీ వాళ్ల చెల్లెలే చూపించాలి. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. ఆ కేసు ఈ-కేవైసీ గురించి, కోచింగ్ యాప్‌ల గురించి కాదు. అయినా వాళ్లకి మెయిల్ రాసేటప్పుడు ఆ తీర్పు పేరు రాయండి, ఏ స్క్రీన్‌లో ఏ బటన్‌కి పేరు లేదో కూడా రాయండి. “యాప్ బాలేదు” అని రాస్తే మా డెవలపర్లం పట్టించుకోం.

ఇంకా ఫీజు కట్టనివాళ్లు మాత్రం ముందు డెమో క్లాస్ అడగండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి, ఫోన్ బోర్లా పెట్టుకున్నట్టే అనుకుని, పాజ్ చేయండి, 10 సెకన్లు వెనక్కి వెళ్లండి, వేగం మార్చండి, ఎంత టైమ్ అయిందో వినండి. యాప్ మూసి మళ్లీ తెరిచి, ఆపిన చోటే మొదలైందేమో చూడండి. ఐదు నిమిషాలు పట్టదు. తమ్ముడు ఈసారి అలాగే రెండు యాప్‌లు చూశాడు, రెండింటికీ వద్దన్నాడు, మూడోదాని డెమో లింక్ కోసం చూస్తున్నాడు.