మాధవరం సిపాయిలు, మోగల్లు రాజు

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎవరూ ఉత్త మాధవరం అనరు. మిలటరీ మాధవరం అంటేనే ఊరు తెలుస్తుంది. ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరిది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్లారు. రెండో యుద్ధానికి అంతకు ఎన్నో రెట్లు కదిలారు. తర్వాత 1962, 1965, 1971, కార్గిల్... దేశం చేసిన ఏ యుద్ధమూ ఈ ఊరిని వదిలి జరగలేదు.

దగ్గర్లోని అరుగొలను కోటకు కాపుగా వచ్చిన సైనికుల వారసులమని ఇక్కడివారు చెప్పుకుంటారు. అయితే పౌరుషం ఒక్కటే ఉంటే చాలదు, కొలువిచ్చేవాడూ ఉండాలి. 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొరకు దక్షిణాది సిపాయి ఆనలేదు. యుద్ధం చేసే జాతులు వేరే ఉన్నాయన్నది ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతం దెబ్బకు తెలుగువారి భర్తీ సన్నగిల్లింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముదిరేసరికి ఆ సిద్ధాంతం అటకెక్కింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించి, రేవు దగ్గర నూనె ట్యాంకులు తగలబెట్టి పోయింది. యుద్ధం మన గుమ్మందాకా వచ్చిందని తెలుగు జిల్లాలకూ అర్థమైంది. నాలుగేళ్లలో భారతదేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రం దాటారు. 74 వేల మందికి పైగా తిరిగి రాలేదు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు.

ఆ జీతం గుర్తుంచుకుని భీమవరం వైపు వెళ్దాం. పాలకోడేరు దగ్గర మోగల్లు అల్లూరి సీతారామరాజు తండ్రిగారి ఊరు. రాజు పుట్టింది 1897లో, విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారింట. ఇంటిపేరు, బంధుత్వాలు మాత్రం డెల్టావే. మన్యంలో ఆయన వెంట నడిచిన అగ్గిరాజుది భీమవరం పక్కనున్న కుముదవల్లి.

మన్యంలో సర్కారు లెక్క వేరు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, రోజుకు ఆరణాల కూలికి రెండణాలు చేతిలో పెట్టేవాడు. నెలంతా రాళ్లు మోసినా నాలుగు రూపాయలు రావు. అటు 1882 అటవీ చట్టం పోడు కొట్టుకోనివ్వదు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న రాజు నాయకత్వంలో చింతపల్లి ఠాణా మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేతికొచ్చాయి. రాజు పద్ధతి మనిషి కాబట్టి, ఏమేం తీసుకెళ్తున్నదీ ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడు! తర్వాతి దాడులకైతే ముందే హెచ్చరికగా ‘మిరపకాయ టపా’ వెళ్లేది.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయాక సర్కారుకు విషయం అర్థమైంది. మలబారు పోలీసులు సరిపోక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను దింపారు. మే 7న కొయ్యూరులో రాజును కాల్చేశారు. అగ్గిరాజును అండమాన్ జైలుకు పంపారు. ఆయన అక్కడే పోయాడు. అదే జైలు చూసొచ్చిన రాజు అనుచరుడు గాము మల్లుదొర మాత్రం 1952లో లోక్‌సభలో కూర్చున్నాడు.

భీమవరంలో ఇప్పుడు రాజుకు 30 అడుగుల కంచు విగ్రహం ఉంది. 2022లో ప్రధాని వచ్చి ఆవిష్కరించారు. మాధవరం సిపాయిలను ఎలా తలుచుకోవాలన్నదే చిక్కు. వాళ్లు మోసింది తెల్లవాడి తుపాకీ, నిజమే. కానీ వాళ్లను ద్రోహుల గాటన కట్టేయడం అన్యాయం. 1918లో గాంధీగారే ఖేడాలో ఊరూరా తిరిగి ఆ సైన్యానికి మనుషులను పోగుచేశారు. ఆ మాట మరిచి, పదకొండు రూపాయల జీతగాళ్ల మీద ఇప్పుడు తీర్పు చెప్పబోవడం ఏం సబబు?