హజ్ టీకాకు 10 రోజుల గడువు ఎందుకు?

హజ్‌కు వెళ్లేవారు మెనింజైటిస్ టీకా వేయించుకోవాలి. అదీ సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలని నిబంధన. 1987 హజ్ సమయంలో ఈ మెదడు పొరల వాపు జబ్బు ప్రబలిన తర్వాత వచ్చిన జాగ్రత్త ఇది. సూది వేశాక ఇంకా 10 రోజులు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు అల్లాహ్ మన ఒంట్లో అమర్చిన రక్షణ ఏర్పాటులో ఉంది.

ఈ ఏర్పాటుకు మూడు అంచెలు. మొదటిది కొండవీటి వారికి వేరే చెప్పనక్కర్లేదు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కొండ మీద ప్రాకారం కట్టినట్టు ఒంటి చుట్టూ చర్మం ఉంది. కోటకు ద్వారాలున్నట్టే ఒంటికి కళ్లు, ముక్కు, నోరు ఉన్నాయి. అక్కడా కాపలా ఉంది. కన్నీటిలో, లాలాజలంలో బ్యాక్టీరియా గోడను పగలగొట్టే పదార్థం ఉంటుంది. ముక్కులోని చీమిడి క్రిములను పట్టి ఉంచుతుంది. మింగిన క్రిముల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లం చంపేస్తుంది.

కాలిలో ముల్లు దిగితే ప్రాకారానికి గండి పడినట్టే. అప్పుడు రెండో అంచె కదులుతుంది. గంటల వ్యవధిలో తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, క్రిములను మింగేస్తాయి. ఆ చోటు ఎర్రబడి, వాచి, వేడెక్కేది అందుకే. మనం చూసే చీములో ఎక్కువ భాగం ఆ పోరులో చనిపోయిన తెల్లకణాలే. ఈ దళానికి ఏ క్రిమి అయినా ఒకటే.

మూడో అంచె అలా కాదు. లింఫోసైట్లనే తెల్లకణాల్లో ఒక్కొక్కటి ఒక్కో ఆకారాన్నే గుర్తుపడుతుంది. లోపలికి వచ్చిన క్రిమికి సరిపడే కణాలు కొద్దిగానే ఉంటాయి. అవి గ్రంథుల్లో ఆ క్రిమి ఆనవాలును అందుకుని వేలు, లక్షలుగా పెరగాలి. దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కట్టేది ఈ పని జరుగుతున్నందుకే. తర్వాత ఆ కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఇందుకు వారం, పది రోజులకు పైనే పడుతుంది. హజ్ టీకాకు పెట్టిన గడువు ఈ తయారీకే.

పోరు ముగిశాక కొన్ని కణాలు ఆ క్రిమిని గుర్తుపెట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అదే క్రిమి మళ్లీ వస్తే ఈసారి ఆలస్యం ఉండదు. జబ్బు పడకుండానే ఆ జ్ఞాపకాన్ని ఇచ్చేది టీకా. మశూచికి, తట్టుకు తేడా ఏమిటో సుమారు 1100 ఏళ్ల కిందట అల్ రాజీ అనే ముస్లిం వైద్యుడు వివరంగా రాశారు. 1796లో ఇంగ్లండులో జెన్నర్ మశూచికి టీకా వేసి చూపారు. మన దేశంలో 1975 తర్వాత మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా పోయినట్టు ప్రకటించారు.

తట్టు మాత్రం ఇంకా ఉంది. అది ఈ జ్ఞాపకాన్నే చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా పడని పిల్లలను పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తట్టు వచ్చిన పిల్లల్లో పాత యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా తగ్గిపోయాయి. అంటే అంతకుముందు ఓడించిన జబ్బులకూ ఆ బిడ్డ మళ్లీ లోకువవుతుంది. అందుకే తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండగానే ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేయించాలి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం వంటి 5 జబ్బులకు కలిపి వేసే టీకా 6, 10, 14 వారాలకు పడాలి. ఒక్క డోసుతో ఆపితే జ్ఞాపకం గట్టిపడదు.

ఈ టీకాలు ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. మరి దాతల అవసరం ఎక్కడ? మిరప కోతల కాలంలో టీకా రోజు పని మానితే తల్లికి ఆ పూట కూలి పోతుంది. వలస వెళ్లిన కుటుంబానికి కార్డు ఎక్కడో పోతుంది, తర్వాతి డోసు తప్పుతుంది. యాంటీబాడీలు కూడా ప్రొటీన్లే. పప్పు, గుడ్డు అందని బిడ్డకు ఆ బలం ఎక్కడిది? ఆ రోజు కూలి, ఆటో చార్జీ, నెలకు సరిపడా పప్పు, గుడ్లు మన సొమ్ముతో అందించవచ్చు. ఈ ఏడాది మీరిచ్చే దానంలో కొంత ఇందుకు కేటాయించమని, మీ వీధిలో పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు టీకా కార్డు ఒకసారి అడిగి చూడమని దాతలకు నా మనవి.