రెండు వేళ్ళు, రెండు కాగితాలు

మా బ్యాంకువాళ్ళకి ఒక అలవాటుంది. అప్పుకోసం ఎవరైనా జీతం చీటీ తెచ్చి ఇస్తే మా చూపు సరాసరి అడుగునున్న అంకెమీదికే పోతుంది. చేతికి వచ్చేదెంత, వాయిదా కట్టగలడా లేదా? మధ్యలో ఉన్నవన్నీ మాకు వట్టి కోతలే. సుమారు ముప్ఫైయేళ్ళ సర్వీసులో పీణ్య, రాజాజీనగర్, యశవంతపుర ప్రాంతాల కార్మికుల జీతం చీటీలు లెక్కలేనన్ని చూశాను. ప్రతిదానిలోనూ ‘ఇ.ఎస్.ఐ.’ అని ఒక గడి ఉండేది. ఒకప్పుడు నూటికి రూపాయి ముప్పావలా, 2019 జూలై నుంచి ముప్పావలా. యజమాని తన వంతుగా మరో మూడుంపావు కట్టాలి. ఆ గడి ఎందుకుందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. బి.కాం.లో పారిశ్రామిక చట్టాలు చదివి మంచి మార్కులే తెచ్చుకున్నానన్న సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

ఆ గడి సంగతి నాకు తెలిసింది 2023 జనవరిలో. మదనపల్లె నుంచి మా పినతండ్రిగారి కూతురు ఫోన్ చేసింది. “అన్నా, వానికి మిషన్లో చెయ్యి పడిందంట. నువ్వు పోయి చూడన్నా” అని ఏడుస్తోంది. వాడంటే ఆమె కొడుకు, నాకు మేనల్లుడు. ఐ.టి.ఐ. చదివి, ఇరవైనాలుగేళ్ళ వయసుకే మూడేళ్ళుగా పీణ్యలో ఒక చిన్న కార్ఖానాలో పవర్ ప్రెస్ దగ్గర పనిచేస్తున్నాడు. నేను వెళ్ళేసరికి దగ్గరలోని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో కట్టుకట్టి పడుకోబెట్టారు. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా పోయాయి. రేకు సర్దుతుండగా ప్రెస్ దిగిందట. అడ్డంగా ఉండాల్సిన గార్డును పని త్వరగా సాగాలని ఎప్పుడో తీసేశారట.

మంచం పక్కన కార్ఖానా సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడే. నన్ను వరండాలోకి పిలిచి, “మనేలి ఆయ్తు అంత హేళి సార్” అన్నాడు. ఇంట్లో జరిగిందని చెప్పమంటున్నాడు. గ్రైండర్లో చెయ్యి పడిందని కేసు కాగితంలో రాయిస్తే, నర్సింగ్‌హోం బిల్లంతా యజమాని కడతాడు, పైన చేతికి 20,000 రూపాయలు ఇస్తాడు, కుర్రవాడు కోలుకున్నాక మళ్ళీ పనిలోకి రావచ్చు. లేదంటే ఇన్‌స్పెక్టర్లు, పోలీసులు, తిరుగుళ్ళు. “మీరు ఆఫీసరు గదా, మీకు తెలియనిదేముంది” అని కూడా అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆ బేరం బాగానే అనిపించింది. బిల్లు కడతానంటున్నాడు, ఉద్యోగం నిలబెడతానంటున్నాడు, పైన డబ్బు కూడా ఇస్తానంటున్నాడు. పేదవాళ్ళకి కోర్టులూ కచేరీలూ ఎందుకు? మా చెల్లెలికి ఫోన్ చేసి, “పోనీలేమ్మా, మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, ఒప్పుకుందాం” అన్నాను. మావాడు మాత్రం మత్తులోనే, “మామా, జరిగింది జరిగినట్టు చెప్పేదే గదా?” అన్నాడు. నీకేం తెలీదు ఊరుకోమన్నాను.

అంతలో వాడితో పనిచేసే పెద్దాయన ఒకరు టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చారు. హిందూపురం మనిషి. నా మాటలు విన్నట్టున్నారు. ఫ్లాస్కు కిందపెట్టి తన కుడిచెయ్యి నా ముందు చాచారు. ఉంగరపువేలు లేదు. “సార్, మీరు చదువుకున్నోళ్ళు. ఆ మాట మాత్రం రాయించొద్దండి. డాక్టరు ముందర మొదట ఏం చెప్తామో కడాకు అదే నిలబడుతుంది. నాకీ వేలు పోయి పదకొండేండ్లయింది. అప్పట్నుంచీ నెలనెలా డబ్బులు పడతానే ఉండాయి” అన్నారు. ఎందులో పడుతున్నాయని అడిగాను. మా బ్యాంకులోనే! పదకొండేళ్ళుగా నెలనెలా మా కంప్యూటర్లో జమ అవుతున్న డబ్బు సంగతి నాకు ఆయన నర్సింగ్‌హోం వరండాలో చెప్పాల్సి వచ్చింది.

కేసు కాగితంలో జరిగింది జరిగినట్టే రాయించాం. సూపర్‌వైజరు ముఖం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కూర్చుని నియమాలు చదివాను. కార్మిక రాజ్య బీమా చట్టం 1948లో వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోనూ ఢిల్లీలోనూ అమలు మొదలైంది. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే డబ్బుకి ఇన్నాళ్ళు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటిరోజున దెబ్బ తగిలినా హక్కు హక్కే. పని చేస్తుండగా ప్రమాదం జరిగితే, కాదనడానికి సాక్ష్యం లేనప్పుడు, అది పనివల్ల జరిగినట్టే భావించాలని ఆ చట్టంలో 51-ఎ సెక్షన్ చెప్పింది. అంటే చట్టం ముందుగానే కార్మికుడి పక్షాన ఒక అడుగు వేసి నిలబడింది. కాని ‘ఇంట్లో గ్రైండర్లో’ అని కార్మికుడే రాయిస్తే ఇక చట్టమేం చేస్తుంది? కాదనడానికి కావలసిన సాక్ష్యాన్ని తనే సంతకం పెట్టి ఇచ్చినట్టయింది గదా.

నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించిన విషయం మరొకటి ఉంది. మన సభ్యుల్లో చిన్న చిన్న షెడ్లు నడుపుతున్నవారు కొందరున్నారు గనక వారికోసం చెబుతున్నాను. కార్మికుడి పేరు ఇ.ఎస్.ఐ.లో ఉంటే పరిహారం ఇచ్చేది కార్పొరేషను, యజమాని కాదు. అదే దెబ్బకి యజమానినుంచి వేరే చట్టం కింద పరిహారం అడగడానికి వీల్లేదని అదే చట్టంలో ఉంది. మావాడి పేరు శుభ్రంగా నమోదై ఉంది, చందాలు సక్రమంగా కట్టారు. మరి ఆ యజమాని దేనికి భయపడ్డాడు? తీసేసిన గార్డుకి. దాన్ని దాచుకోవడానికి కుర్రవాడి జీవితకాలపు హక్కుని 20,000కి కొనబోయాడు. మధ్యవర్తిని నేను.

ప్రమాదం రిపోర్టు యజమానే పంపాలి. అది 12వ నంబరు ఫారం. ఆయన రెండు రోజులు నాన్చాడు. బ్రాంచి ఆఫీసుకి మేమే ఒక ఉత్తరం రాసి, నకలు కార్ఖానాకి పంపాం. తేదీ ముద్ర వేయించుకున్న నకలు మాత్రం నా దగ్గర పెట్టుకున్నాను. ఆ విద్య నాకు బ్యాంకు నేర్పింది. నాలుగోరోజున ఫారం వెళ్ళింది.

ఆ తర్వాత మావాడు 128 రోజులు పనికి పోలేదు. జీతం నెలకు 15,000, రోజుకు 500. తాత్కాలిక అశక్తతకి సగటు వేతనంలో నూటికి 90 వంతున, ఆదివారాలతో సహా రోజుకు 450 చొప్పున, మొత్తం 57,600 వచ్చింది. నర్సింగ్‌హోం నుంచి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి మార్చాక వైద్యానికి పైసా కట్టలేదు. క్యూలు ఉన్నాయి, కాదనను. పొద్దున ఏడింటికి వెళ్ళి నిలబడాలి. ప్రతి విడతకీ డాక్టరు సర్టిఫికెట్టు తీసుకుని బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. ఒకసారి డబ్బు తిరిగిపోయింది. ఎందుకా అని చూస్తే, మావాడు ఇచ్చింది 2020లో విలీనమైపోయిన ఒక బ్యాంకు పాత పాస్‌బుక్కు. అందులోని కోడు ఎప్పుడో రద్దయింది. మేనమామ బ్యాంకు ఆఫీసరు, మేనల్లుడి ఖాతాకి చెల్లని కోడు! మా ఆవిడ ఇది ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తూ ఉంటుంది.

వేళ్ళు తిరిగి రావు గనక చివరి సర్టిఫికెట్టు అందాక మెడికల్ బోర్డుకి దరఖాస్తు పెట్టాం. దీనికి పన్నెండు నెలలు గడువుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కట్టు విప్పాక ‘బాగైపోయింది గదా’ అనుకుని ఫైలు వదిలేస్తారు. చట్టంలో ఒక పట్టిక ఉంది. శరీరంలో ఏది పోతే సంపాదించే శక్తిలో ఎంత పోయినట్టో అంకెల్లో రాసి ఉంటుంది. బొటనవేలికి నూటికి 30. చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలు పోతే 12. ఒకే చేతికి రెండు వేళ్ళు పోతే 20. వడ్డీలు కట్టే బుద్ధికి, 14కి 12 కలిపితే 26 కావాలి గదా అనిపించింది. కలిసి పోయిన వేళ్ళకి విడివిడి లెక్క లేదట. మేనల్లుడి చేతిని అలా పట్టికలో చూడడం అదే మొదటిసారి. కాసేపు పుస్తకం మూసేశాను.

బోర్డు 20 శాతమని తేల్చింది. 450లో అయిదో వంతు, రోజుకు 90 రూపాయలు, జీవితాంతం. మళ్ళీ ఉద్యోగం చేసుకుంటున్నా ఇది ఆగదు. వరండాలో నేను ఒప్పుకోబోయిన 20,000 దీనితో 223వ రోజుకి దాటిపోతుంది. వాడు ఇంకో నలభైయేళ్ళు బతికితే, పెంపులేవీ కలపకుండానే, 13 లక్షల పైన.

జూన్లో మావాడు పనికి వెళ్తే ప్రెస్ దగ్గర కాకుండా స్టోర్లో కూర్చోబెట్టారు. అక్టోబరు వచ్చేసరికి ‘ఆర్డర్లు లేవు’ అన్నారు. ఆఫీసులో ఒక కాగితం టైపు చేసి ఉంచారట, కన్నడంలో నాలుగు లైన్లు. ‘నా సొంత కారణాలవల్ల, ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నాను. కంపెనీ నుంచి నాకు రావలసినదేమీ లేదు.’ సంతకం పెడితే ఆ నెల జీతం ఇప్పుడే చేతికిస్తామన్నారు. మావాడు పెట్టలేదు. “మామను అడిగి చెప్తా” అని వచ్చేశాడు. ఈసారి మామ కొంచెం మేలుకునే ఉన్నాడు.

ఇ.ఎస్.ఐ.లో ఉద్యోగం పోయినవారికి డబ్బిచ్చే పథకాలు రెండు వచ్చాయి. 2005లో రాజీవ్‌గాంధీ పేరుమీద వచ్చినది ముఖ్యంగా మూతపడ్డ కార్ఖానాలవారికీ, రిట్రెంచ్ అయినవారికీ. 2018 జూలైలో వాజ్‌పేయి పేరుమీద అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. మొదట సగటు రోజు వేతనంలో నూటికి 25 చొప్పున, తొంభై రోజులు మించకుండా, జీవితంలో ఒక్కసారి. కరోనా కాలంలో, 2020లో, దాన్ని 50కి పెంచారు. ఉద్యోగం పోయిన ముప్ఫై రోజులకే అడగవచ్చన్నారు, యజమాని ద్వారా కాక నేరుగా బ్రాంచిలోనే ఇవ్వవచ్చన్నారు. రెండేళ్ళ ఉద్యోగం, చందా కట్టిన రోజుల లెక్క చూస్తారు. మావాడికి అవన్నీ సరిపోయాయి. అయితే తనంతట తాను మానుకున్నవాడికి ఈ పథకం వర్తించదు. ఆ నాలుగు లైన్ల కింద సంతకం పడితే అంతే సంగతులు.

వారం రోజులు అటూ ఇటూ నడిచాక, పని లేనందున తొలగిస్తున్నామని ఉత్తరం ఇచ్చారు. రోజుకు 250 చొప్పున తొంభై రోజులకు 22,500 వచ్చింది. వేళ్ళ తాలూకు 90 రూపాయలు దీనివల్ల ఆగలేదు. 22,500 పెద్ద సొమ్మేం కాదు. కాని ఆ మూడు నెలలు మావాడు ఊరికి తిరిగిపోకుండా, గది అద్దె కట్టుకుంటూ ఇక్కడే వేరే పని వెతుక్కున్నాడు.

ఈ సంగతి మన సమితి ఉగాది భోజనాల దగ్గర చెబితే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోగొట్టుకుని ఆరు నెలలైన ఒక మిత్రుడి కుమారుడు, “మాకేం లేదా అంకుల్?” అని అడిగాడు. లేదు. 2017 జనవరి నుంచి నెలకు 21,000 వరకు జీతమున్నవారికే ఇ.ఎస్.ఐ. కాలిఫోర్నియాలో అయితే ఉద్యోగం పోయినవారికి వారానికి 450 డాలర్ల వరకు, ఇరవయ్యారు వారాలు ఇస్తారు. ఇక్కడ లక్షల జీతంవాడికి సున్న, ప్రెస్ కార్మికుడికి ఆ 22,500. ఆ కుర్రవాడు నవ్వాడు గాని పెరుగన్నం సగంలోనే లేచిపోయాడు.

అన్నట్టు, బ్యాంకువాళ్ళం మేమూ ఇ.ఎస్.ఐ.లో లేము. మాకు వేరే ఏర్పాట్లున్నాయి. ఇ.ఎస్.ఐ. మొదలైన 1952లోనే నెహ్రూగారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయినవారు మన వి.వి. గిరిగారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆయన ఆ పదవి వదిలేశారు. మా యూనియను మీటింగుల్లో ఈ మాట చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాణ్ణి. జీతం చీటీలో మధ్య గడి మాత్రం చూడలేదు.

చదివేవారికి ఒక సూచన. పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది గనక, నేను చెప్పిన ఫారం నంబర్లు 2023 నాటివని గుర్తుంచుకోవాలి. అటల్ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చారు. మీకు అవసరం పడ్డనాడు అది అమల్లో ఉందో లేదో బ్రాంచి ఆఫీసులో కనుక్కోండి. బీమా నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా రాసుకునే మన తెలుగువాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి.

మావాడు ఇప్పుడు దాసరహళ్ళి దగ్గర ఒక గోడౌన్లో స్టోర్‌కీపరు. హిందూపురం పెద్దాయన రిటైరై ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఖాతా ఊరి బ్రాంచికి మార్పించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. ఫారం నేనే నింపి, సంతకానికి కాగితం ఆయనవైపు తిప్పాను. ఆయన వెంటనే పెట్టలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అందులో ఏం రాశానో మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించమన్నారు.