తెలుగు ప్రభువు ఇచ్చిన డేనుల ఊరు

సముద్రపు ఒడ్డున కోట, దగ్గర్లోనే పాత చర్చీలు. డెన్మార్క్‌లోని ఏదో చిన్న ఊరు అనుకునేరు! ఇది తమిళనాడులోని తరంగంబాడి. దీనికీ మన తెలుగుకూ దగ్గర చుట్టరికమే ఉంది.

1620లో డేనుల నౌకాధిపతి ఓవ గెడ్డె వచ్చి అడిగితే, ఏడాదికి 3,111 రూపాయల కౌలుకు ఈ రేవును ఇచ్చినవాడు తంజావూరు ప్రభువు రఘునాథ నాయకుడు. ఆయన తెలుగు కవి. 'వాల్మీకి చరిత్రము' ఆయన రచనే. డేనులు అప్పుడు కట్టిన డాన్స్‌బోర్గ్ కోటలో ఇప్పుడు మ్యూజియం ఉంది. ఊళ్లో 1701 నాటి జియోన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి నేటికీ చూడవచ్చు.

1719లో ఇక్కడికి వచ్చిన జర్మన్ మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. ఆయన పూనికతో 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయినవే మన తొలి తెలుగు పుస్తకాలు.

1845లో డేనులు ఈ ఊరినీ, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌నూ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశారు. ఆ లెక్క అక్కడితో ముగిసింది. రఘునాథుడి కావ్యం మాత్రం మిగిలింది.

గోరేబాళలో కన్నడం మధ్య బతుకుతున్న మనం గుర్తుంచుకోవలసింది ఇదే. పరాయి నేల మీద ఉన్నంత మాత్రాన భాష పోదు, ఇంట్లో మాట్లాడడం మానేస్తేనే పోతుంది. సెలవుల్లో తంజావూరు వెళ్లేవారు పిల్లలకు తరంగంబాడి కూడా చూపించి, ఈ కథ తెలుగులోనే చెప్పండి.